మనసు గాయానికీ కాగితం కావాలి

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అన్న మూడు మాటల్లో ఉత్తర తెలంగాణ బతుకంతా ఇమిడిపోతుందని మన పెద్దలు అంటూ ఉంటారు. లక్సెట్టిపేట, దండేపల్లి, జన్నారం ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఆ మూడింటి సరసన నాలుగోది చేరింది. గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు చెమటోడ్చిన తండ్రి ఆ సంపాదనతోనే కూతురిని అమెరికాలోని అల్లుడి చేతిలో పెడుతున్నాడు, కొడుకును అక్కడి విశ్వవిద్యాలయానికి పంపుతున్నాడు. పాస్‌పోర్టు, పోలీసు ధ్రువపత్రం, మెడికల్, అటెస్టేషన్ వంటి మాటలు మన ఇళ్లలో ఆడవాళ్లకు కూడా కంఠస్థం. అయితే మన కుటుంబాలకు బొత్తిగా పరిచయం లేని కాగితం ఒకటున్నది. దానిని మానసిక, సామాజిక మూల్యాంకన నివేదిక అనవచ్చు. ఇమ్మిగ్రేషన్ కేసు నడుస్తున్న మనిషిని మనోవైద్యుడో, క్లినికల్ సైకాలజిస్టో, లైసెన్సు పొందిన సామాజిక కార్యకర్తో కూర్చోబెట్టి మాట్లాడించి, అతని మనఃస్థితి ఏమిటి, దానికి కారణమేమిటి, వెనక్కు పంపితే ఏమవుతుంది అన్నది రాసి ఇచ్చే నివేదిక అది.

ఈ కాగితం పేరు వినగానే మన వాళ్లు రెండు రకాలుగా స్పందిస్తున్నారు. మొదటిది సిగ్గు: "మా అమ్మాయిని పిచ్చిదని రాయిస్తారా?" రెండోది బేరం: "ఎంతవుతుందో చెప్పండి, ఎలా కావాలంటే అలా రాయిద్దాం." ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒకే సాయంత్రం మేము విన్నాము. మొదటిది తల్లి నోట వచ్చింది, రెండోది మేనమామ నోట. రెండూ బిడ్డకు హాని చేసేవేనని మా అభిప్రాయం.

ముందు ఈ నివేదిక ఎక్కడ పనికి వస్తుందో తెలుసుకోవాలి. అమెరికాలో 1994లో మహిళలపై హింస నిరోధక చట్టం వచ్చింది. అక్కడి పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో భార్యను హింసిస్తే, అతని సంతకంతో, దయతో పని లేకుండా ఆమె స్వయంగా దరఖాస్తు చేసుకునే వీలును ఆ చట్టం కల్పించింది. విడాకులు జరిగిపోయినా రెండేళ్లలోపు ఈ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ చట్టం దృష్టిలో హింస అంటే దెబ్బలు మాత్రమే కాదు, తీవ్రమైన క్రూరత్వం కూడా హింసే. ఫోను లాక్కోవడం, బయటికి వెళ్లనివ్వకపోవడం, "నీ వీసా నా చేతిలో ఉంది" అని రోజూ బెదిరించడం వంటి వాటికి ఒంటి మీద గుర్తు ఉండదు. ఆ గుర్తు మనసులో ఉంటుంది. దానిని చదవగలిగినవాడు చదివి రాస్తేనే అధికారి ముందుకు వస్తుంది. హింస చేసినవాడికి ఈ దరఖాస్తు సంగతి తెలియనివ్వకూడదని కూడా చట్టం అధికారులను కట్టడి చేసింది. మన తల్లిదండ్రులకు ముందుగా చెప్పవలసిన మాట ఇది. అల్లుడికి తెలిసిపోతుందన్న భయంతోనే ఎన్నో ఫోన్లు మధ్యలో ఆగిపోతున్నాయి.

మన అమ్మాయిలలో ఎక్కువమంది వెళ్లేది హెచ్-4 వీసా మీద. భర్త ఉద్యోగ వీసాకు తోకగా వచ్చే వీసా అది. అతనికి గ్రీన్‌కార్డు లేదు కనుక పైన చెప్పిన స్వయం దరఖాస్తు ఆమెకు వర్తించదు. 2015 నుంచి కొందరు హెచ్-4 భార్యలకు పని చేసుకునే అనుమతి ఇస్తున్నారు గాని, అది భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశకు చేరినప్పుడే. అతను ఉద్యోగం పోగొట్టుకున్నా, విడాకులు ఇచ్చినా ఆమె కాళ్ల కింద నేల ఉండదు. అటువంటి స్త్రీకి మిగిలే దారుల్లో 2000లో వచ్చిన యూ వీసా ఒకటి. నేరానికి గురై, పోలీసులకు సహకరించినవారికి ఇచ్చే వీసా అది. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కనుక నిరీక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ వీసాకు శారీరకంగానో మానసికంగానో గణనీయమైన వేధింపుకు గురయ్యామని చూపాలి. ఇక్కడ కూడా ఆ నివేదికే ఆధారం. ఆశ్రయం కోరేవారు దేశంలో అడుగుపెట్టిన ఏడాదిలోపు దరఖాస్తు చేయాలన్న నియమం ఉన్నది. తీవ్రమైన మానసిక అస్వస్థత వల్ల ఆలస్యమైందని నిరూపించగలిగితే ఆ గడువును సడలించవచ్చు.

ఇంకొక సందర్భంలో మన వాళ్లు తరచుగా పొరబడుతున్నారు. వీసా గడువు దాటి 180 రోజులకు మించి ఉండిపోయి దేశం విడిచినవారికి మూడేళ్లు, ఏడాది, అంతకు మించి ఉన్నవారికి పదేళ్లు తిరిగి ప్రవేశం లేకుండా 1996 నాటి చట్టం చేసింది. దీని నుంచి మినహాయింపు కోరినప్పుడు చూసేది వెళ్లిపోవలసినవాడి కష్టాన్ని కాదు. పౌరులో గ్రీన్‌కార్డు ఉన్నవారో అయిన అతని భార్య లేదా తల్లిదండ్రుల కష్టాన్ని చూస్తారు. "మా వాడు ఎంత కుమిలిపోతున్నాడో" అని పదిహేను పేజీలు రాయించి పంపితే ఆ కాగితం వృథా.

నివేదిక రాసేవాడు న్యాయమూర్తి కాడు. హింస బాధితులను పరీక్షించే పద్ధతిపై 1999లో ఐక్యరాజ్య సమితికి సమర్పించి, 2022లో సవరించిన ఇస్తాంబుల్ ప్రొటోకాల్ అన్న మార్గదర్శిని ఉన్నది. పరీక్షించినవాడు "ఈమె నిజం చెబుతోంది" అని రాయకూడదని అందులోని పద్ధతిని చూస్తే తెలుస్తుంది. చెప్పిన కథకూ కనిపించిన లక్షణాలకూ ఎంతవరకు పొంతన ఉన్నదో మెట్లు మెట్లుగా రాయాలి: పొసగదు, పొసగుతుంది, బాగా పొసగుతుంది, అటువంటి బాధలో సాధారణంగా కనిపించేదే, దీనికి మరో కారణం ఉండే వీలు లేదు. దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన మాకు ఈ మెట్లు ఎంతో నచ్చాయి. తనకు తెలిసినంతవరకే చెప్పి ఆగేవాడి నివేదికను పై అధికారి నమ్ముతాడు. అన్నీ తెలిసినట్టు రాసిన నివేదికను పక్కన పెడతాడు.

అందుకే మేనమామ బేరం పనికిరానిది. లేని జబ్బును రాయించడం, ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టించడం, ఒకరికి రాసిన కథను పేర్లు మార్చి పదిమందికి వాడడం అక్కడి అధికారులకు కొత్త కాదు. ఒక్క అబద్ధం దొరికితే దానితో పాటు నూరు నిజాలు కొట్టుకుపోతాయి. మోసానికి పాల్పడినట్టు నమోదైతే ఆ మచ్చ జీవితకాలం వెంటాడుతుంది. వృద్ధులైన తల్లిదండ్రులకు పౌరసత్వ పరీక్ష నుంచి మినహాయింపు కోసం పెట్టే వైద్య ధ్రువీకరణ విషయంలోనూ ఇదే మాట. నిజంగా మతిమరుపు వ్యాధి ఉన్న తల్లికి అది హక్కు. లేని తల్లికి రాయిస్తే, ఉన్న తల్లుల దారి కూడా మూసుకుపోతుంది.

ఈ విషయంలో మనకు ఆదర్శం ఎక్కడో లేదు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) అనుచరులు మక్కా పీడనను తట్టుకోలేక అబిసీనియాకు హిజ్రత్ చేసినప్పుడు, వారిని వెనక్కు పంపించమని ఖురైషులు కానుకలతో రాయబారులను పంపారు. నజాషీ రాజు ఒక పక్షం మాట విని తీర్పు చెప్పలేదు, శరణార్థులను పిలిపించి విన్నాడు. అక్కడ హజ్రత్ జాఫర్ (రజి) చేసిన ప్రసంగం ఈనాటి భాషలో చెప్పాలంటే ఒక సామాజిక నివేదికే. మేము ఎలా ఉండేవాళ్లం, ఏమి మారింది, మాపై ఏమి జరిగింది, ఎందుకు ఇక్కడికి వచ్చాం అన్నది వరుసగా చెప్పారు. మరునాడు రాయబారులు మెలిక పెట్టారు. ఈసా ప్రవక్త (అలై) గురించి వీళ్ల నమ్మకం ఏమిటో అడగండి అని క్రైస్తవ రాజును రెచ్చగొట్టారు. రాజుకు ఇష్టమైనట్టు మాట మార్చి చెప్పే అవకాశం ముందుండగా, ముస్లింలు తమలో తాము సంప్రదించుకుని, తాము నమ్మినదే చెప్పాలని నిర్ణయించుకున్నారు. అదే చెప్పారు. రాజు వారిని అప్పగించలేదు, కానుకలు తిప్పి పంపాడు. ఆశ్రయం కోరే కేసులో సాక్ష్యం ఎలా ఉండాలో ఇంతకంటే వివరంగా చెప్పే ఘటన మరొకటి మాకు కనిపించలేదు.

ఇక తల్లి సిగ్గు సంగతి. దానిని మేము తేలికగా తీసుకోము. రేపు చెల్లెళ్ల నిఖా మాటలప్పుడు ఎవరో ఈ కాగితం సంగతి ఎత్తుతారన్న భయం ఊహ కాదు, ఊళ్లో బతికేవారికి తెలిసిన వాస్తవం. అయినా మన దేశ చట్టం ఏమంటున్నదో చూడండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం గతంలో చికిత్స పొందడమో, ఆసుపత్రిలో చేరడమో ఒక్కటే కారణంగా ఎవరినీ మానసిక రోగి అని నిర్ణయించకూడదు. మానసిక అస్వస్థత ఉన్నంత మాత్రాన న్యాయస్థానం ప్రకటించనిదే మతిస్థిమితం లేనివారు అనకూడదు. వైద్య వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నది. వేధింపు వల్ల నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడడం, తినబుద్ధి కాకపోవడం పిచ్చి కాదు. కాలు విరిగితే ఎక్స్‌రే తీయించినట్టే ఇది. 2023లో పైచదువుకు వెళ్లిన హైదరాబాద్ యువతి ఒకరు చికాగో వీధుల్లో ఆకలితో, కుంగుబాటుతో కనిపించినప్పుడు తల్లి విదేశాంగ మంత్రికి లేఖ రాయవలసి వచ్చింది. ఆ దృశ్యం చూసి మన ఊళ్లలో కూడా కన్నీరు పెట్టారు. ఎందరి పిల్లలు ఆ స్థితికి ఒక అడుగు ఇవతల ఉండి "అంతా బాగుంది అమ్మీ" అని ఫోనులో చెబుతున్నారో ఎవరు లెక్క పెట్టారు?

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. పిల్లల సంరక్షణ వివాదం కూడా నడుస్తున్న చోట ఇదే నివేదికను ఎదుటి పక్షం తల్లికి వ్యతిరేకంగా వాడే ప్రయత్నం చేయవచ్చు. కనుక న్యాయవాదితో మాట్లాడకుండా ఎవరికీ దాని ప్రతి ఇవ్వకూడదు. వాట్సాప్‌లో బంధువులకు పంపడం అసలే వద్దు.

అన్నిటికంటే పెద్ద చిక్కు భాష. మన ఇళ్లలో బాధను మనసు పేరుతో చెప్పరు, శరీరం పేరుతో చెబుతారు. మన దక్కనీ ఉర్దూలో "దిల్ ఘబ్రారా" అంటారు, తెలుగులో "గుండెల్లో దడ, తల బరువు, ఒళ్లంతా మంట" అంటారు. అర్థం తెలియని దుభాషి దానిని గుండె జబ్బుగా అనువదిస్తాడు. "మీకు దిగులుగా ఉంటుందా?" అని అడిగితే మన అమ్మాయి "అల్‌హందులిల్లాహ్, బాగున్నాను" అంటుంది. అది అల్లాహ్ పట్ల కృతజ్ఞత, ఆరోగ్య నివేదిక కాదు. రాసేవాడు మాత్రం "కుంగుబాటు లేదన్నది" అని రాసుకుంటాడు. దిష్టి తగిలిందనో, ఆసేబ్ ఉందనో అమ్మమ్మ చెప్పిన మాటను ఆమె పలికితే భ్రమలు ఉన్నాయని రాసినా రాస్తాడు. అందువల్ల దుభాషి కావాలని అడగడం బిడ్డ హక్కు. ఆ దుభాషి భర్త తరపు బంధువు కాకూడదు, అదే నగరంలోని పరిచయస్థుడూ కాకూడదు. హైదరాబాదీ ఉర్దూ తెలిసినవారు కావాలా, తెలంగాణ తెలుగు తెలిసినవారు కావాలా అన్నది స్పష్టంగా చెప్పాలి. లక్నో ఉర్దూ మాట్లాడే దుభాషిని పెడితే మన పిల్ల సగం మాటలు మింగేస్తుంది.

ఈ పనిలో లక్సెట్టిపేటలో కూర్చున్న తల్లిదండ్రులు చేయగలిగింది చాలా ఉన్నది. హింస కేసుల్లో నమ్మదగిన ఏ ఆధారాన్నయినా పరిశీలించాలని అక్కడి చట్టం చెబుతున్నది. అంటే తల్లి రాసిన ఉత్తరం కూడా ఆధారమే. పెళ్లికి ముందు బిడ్డ ఎలా ఉండేది, ఏ తేదీ నుంచి ఫోన్లు తగ్గాయి, ఏ పండుగకు ఏడ్చింది, ఎంత డబ్బు ఎప్పుడు పంపించమన్నారు అన్నది తెలిసింది తల్లిదండ్రులకే. అప్పు ఇచ్చినా రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని సూరె బఖరాలో దివ్య ఖుర్ఆన్ మనకు ఆదేశించింది. ఖుర్ఆన్‌లో అతి పొడవైన ఆయత్ అదే. రూపాయల లెక్కకు అంత జాగ్రత్త చెప్పిన ధర్మాన్ని పాటించే మనం, బిడ్డ కన్నీటి లెక్కకు తేదీ కూడా వేసుకోము. ఆ ఉత్తరాన్ని తెలుగులోనో ఉర్దూలోనో రాయవచ్చు. ఇంగ్లీషు అనువాదం జతపరచి, తనకు రెండు భాషలూ వచ్చునని, అనువాదం సంపూర్ణమని, సరైనదని అనువదించినవారు సంతకం చేస్తే చాలు. ఇందుకోసం స్టాంపు పేపర్లు, సీళ్లు, రంగు రిబ్బన్లు అంటూ వేలకు వేలు వసూలు చేసే ఏజెంట్ల వద్దకు పోనక్కరలేదు. "మా అమ్మాయి చాలా మంచిది, అతను చాలా చెడ్డవాడు" అన్న వాక్యం ఎంత పెద్ద అక్షరాలతో రాసినా విలువ లేదు. ఫలానా రోజు రాత్రి ఫోనులో వినబడిన అరుపుకు విలువ ఉన్నది.

అమెరికాలో ఉన్న బిడ్డకు ఇన్ని దారులైనా ఉన్నాయి. గల్ఫ్‌లో ఉన్న కొడుకుకు ఏమున్నది? యజమాని ఒక్క ఫిర్యాదు చేస్తే సౌదీలో కార్మికుడు "హురూబ్" అవుతాడు, అంటే పారిపోయినవాడు. ఎందుకు పారిపోయాడు, ఎన్ని నెలల జీతం రాలేదు, ఏ గదిలో ఎంతమందితో పడుకున్నాడు, మనసు ఎప్పుడు చెదిరింది అని అతన్ని కూర్చోబెట్టి అడిగేవారెవరు? 2005లో దుబాయిలో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో శిక్ష పడిన సిరిసిల్ల ప్రాంత కార్మికులు దాదాపు పద్దెనిమిదేళ్లు జైలులో గడిపి, చివరివారు 2024 ఆరంభంలో ఇల్లు చేరారు. బాధిత కుటుంబం క్షమాపత్రం ఇచ్చిన తరువాత కూడా ఏళ్లు గడిచాయి. ఆ ఇళ్లలో ఆ పద్దెనిమిదేళ్లు ఏమి జరిగిందో ఎవరైనా ఒక నివేదికగా మొదట్లోనే రాసి దౌత్య కార్యాలయం ద్వారా పంపి ఉంటే కాలం తగ్గేదని మేము నిశ్చయంగా చెప్పలేము గాని, పంపవలసిన కాగితం అది. మన దేశంలో ఉరిశిక్ష కేసుల్లో నిందితుని మానసిక స్థితిపై, కుటుంబ నేపథ్యంపై నివేదికలు తెప్పించుకోవాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన కోర్టులే కోరుతున్న నివేదికను మన రాయబార కార్యాలయాలు గల్ఫ్ ఖైదీ కోసం ఎందుకు తయారుచేయించవు? 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి రాయబార కార్యాలయాల చేతిలోనే ఉన్నది కదా.

తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇవ్వాలని 2024లో నిర్ణయించింది. దానిని మనసారా స్వాగతించాము. కాని శవపేటికకు పరిహారం ఉన్నది, బతికి తిరిగి వచ్చి ఇంటి మూలన గోడవైపు తిరిగి పడుకున్నవాడికి ఏమీ లేదు. అతను ఏ విమానంలో వచ్చాడో, పాస్‌పోర్టు మీద ఏ ముద్ర పడిందో ప్రభుత్వం వద్ద ఉంటుంది. అతని మనసు మీద పడిన ముద్రను ఎవరూ చూడరు.

ఇతరుల దేశాల్లో మన పిల్లలను ఓపికగా వినాలని కోరే మనం, మన దేశం తలుపు తట్టినవారి విషయంలో మాట్లాడక తప్పదు. హైదరాబాద్ బాలాపూర్‌లో తలదాచుకున్న రోహింగ్యాలు ఐక్యరాజ్య సమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డులు పట్టుకుని తిరుగుతున్నారు. 1951 శరణార్థి ఒడంబడికలో భారతదేశం చేరలేదు. హింసా వ్యతిరేక ఒడంబడికపై 1997లో సంతకం చేసి నేటికీ ధ్రువీకరించలేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం పొరుగు దేశాల బాధితుల జాబితాలో ముస్లింను చేర్చనే లేదు. కళ్ల ముందు ఇల్లు కాలిపోయిన స్త్రీ మనసును ఏ నిపుణుడు పరీక్షించి ఎంత నిక్కచ్చిగా రాసినా, దానిని స్వీకరించే బల్ల ఇక్కడ లేదు. అస్సాంలో పెళ్లయి వేరే ఊరికి వెళ్లిన స్త్రీలు ఫలానా తండ్రి కూతుళ్లమని చూపడానికి గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన పత్రం తప్ప వేరే ఆధారం లేకపోయింది. ఆ పత్రాలు చెల్లవని 2017 ఫిబ్రవరిలో గౌహతి హైకోర్టు అంటే, విచారణ జరిపి వాటిని పరిగణించవచ్చని అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు సరిదిద్దింది. ఒక చిన్న ఉద్యోగి ఊరిని విచారించి రాసిన నాలుగు వాక్యాలు లక్షలాది స్త్రీల ఉనికికి ఆధారమయ్యాయి. గుమాస్తా సంతకం బరువు ఎంతో మాకు కొత్తగా చెప్పనక్కరలేదు గాని, ఆ తీర్పు వచ్చిన రోజున మా తరం ఉద్యోగులం కొంత గర్వపడ్డాము.

మంచిర్యాల జిల్లా ఏర్పడి 2016 నుంచి ఇన్నేళ్లయింది. జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవారికి వారానికి ఒక పూట కేటాయించాలని, అడిగినవారికి పరీక్ష వివరాలు తేదీలతో సహా లిఖితపూర్వకంగా ఇవ్వాలని మేము కోరుతున్నాము. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ తెలిసిన అనువాదకుల జాబితాను తయారుచేయాలి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టంలోనే ఉన్నది. విదేశంలో ఉన్న కూతురి కోసం ఇక్కడ తల్లి వాంగ్మూలం రాయించుకోవడానికీ అది వర్తించేలా చూడాలి. మస్జిద్ కమిటీలు జుమా తరువాత పెళ్లి ప్రకటనలు చదువుతున్నట్టే, టెలి-మానస్ సహాయ సంఖ్య 14416ను కూడా చదవాలి. అందులో తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు, పేరు ఊరికి తెలియదు. ఇక నిఖా కుదిరిన ఇళ్లకు మా విన్నపం ఒక్కటే. అమ్మాయి విమానం ఎక్కే ముందు ఆమె పాస్‌పోర్టు, వీసా, నిఖానామా ప్రతులు పుట్టింట్లో ఒక సంచిలో పెట్టండి. ఆ సంచిలోనే ఒక నోటుపుస్తకం కూడా ఉంచి, ఆమె ఫోను చేసిన రోజులు, చెప్పిన మాటలు తేదీ వేసి రాయండి. చదువు వచ్చిన చెల్లెలు ఆ పని చేయగలదు.